అరచేతంత కిటికీ

సరస్సు మీద రంపాల చప్పుడు ఆగాక
ఇంటి వెనక మంచుగడ్డలు పేర్చుకుంటాం
గాజు ఇటుకల్లాగా, ఒకదాని మీద ఒకటి.
మే నెల దాకా మా నీళ్ళు అవే.
పొద్దున్నే గొడ్డలితో ఓ ముక్క కొట్టి పీపాలో వేస్తే
మధ్యాహ్నానికి టీ అవుతుంది.

లేనా నదికి అవతలి ఒడ్డున మా ఊరు.
నలభై మూడు కొంపలు, ఒక బడి, ఒక మందుల గది.
మందుల గదిలో నర్సు వర్వారా,
ఊరందరికంటే ముందు ఆమెకే జలుబు.

చలికాలం ఎలా నెట్టుకొస్తావని అడిగితే చెబుతాను.
కిటికీ రెండు అద్దాల మధ్యా దూది కుక్కాలి.
దూది మీద నాలుగు ఎర్రపండ్లు పెట్టాలి,
అవి ఒంటికి కాదు, కంటికి.
ఖాళీ డబ్బాలో ఉల్లిపాయ పాతిపెడితే
పండగ నాటికి జానెడు కాడలొస్తాయి.
జనవరిలో ఆకుపచ్చ రంగు చూడ్డం కూడా తిండే.
ఆ తర్వాత చేపనూనె, చెంచాడు, ముక్కు మూసుకుని.
మా తుయారా అది మింగి
నన్ను శత్రుదేశాన్ని చూసినట్టు చూస్తుంది.

సున్నాకి యాభై కింద పడితే పిల్లలకి బడి లేదు.
రేడియోలో ఆ మాట వినగానే
మంచం మీద ఎగిరి దూకుతుంది.
పదింటికల్లా ఏమీ తోచక నా కాళ్ళకి అడ్డం పడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు.
ఏ నర్సూ చీటీ మీద రాసివ్వనిది ఇంకోటుంది:
లేవగానే పక్కిళ్ళ పొగగొట్టాలు చూడాలి.
ఇంత చలిలో గాలి ఆడదు,
పొగ కొలబద్ద పెట్టి గీసినట్టు నిలబడుతుంది.
పొగ లేచిందంటే మనిషి లేచినట్టు.

ఆ రోజు తొమ్మిదైనా
ప్రొకోపీ ఇంటి మీద ఆకాశం ఖాళీగా ఉంది.
నిద్రపోతున్నాడేమో అనుకున్నాను.
టీ పోసుకున్నాను.
తాగలేకపోయాను.

అరవై అడుగులే. అయినా
రెప్పల మీద వెంట్రుకలు అతుక్కుపోయాయి,
ఊపిరి చెవి పక్కనే పొడిపొడిగా రాలింది.
తలుపు తీస్తే లోపల వెచ్చగా,
హాయిగా, ముద్దొచ్చేంత వెచ్చగా ఉంది.
పిల్లి గడప దగ్గరే తూలుతోంది.
అతను మంచం అంచున కూర్చుని
బూటు కాలికి తొడగాలో చేతికి తొడగాలో
ఆలోచిస్తున్నాడు.
"అకులీనా, తల పగిలిపోతోంది" అన్నాడు,
ఎవరి తల గురించో చెబుతున్నట్టు.

రాత్రి పొయ్యిలో నీలిమంట ఇంకా ఆడుతుండగానే
గొట్టం పలక మూసేశాడు.
వేడి పోకూడదని.
రంగులేని, వాసనలేని ఆ విషం
గదంతా దుప్పటి కప్పింది.

ఎలా ఈడ్చానో తెలీదు, మనిషి ఎద్దంత ఉంటాడు.
అక్టోబరు నుంచి దూది కుక్కి, కాగితం అంటించి,
పిండి ముద్దతో పూడ్చిన
అరచేతంత గాలికిటికీని గరిటె కాడతో పెకలించాను.

చలి లోపలికొచ్చింది.
పొంగిన పాలలాగా తెల్లగా, నేలబారుగా,
మంచం కిందకీ బల్ల కిందకీ పాకుతూ.
నెలల తరబడి మేం తలుపులేసి తరిమిన చలే
అతని ముక్కు పట్టుకుని లేపింది.

వర్వారా వచ్చింది, తుమ్మింది, ఆక్సిజన్ సంచీ పెట్టింది.
సాయంత్రానికి ప్రొకోపీ పులుసు అడిగాడు.
అది తాగాక నన్ను తిట్టాడు:
"రెండు రోజుల కట్టెల వేడి
ఒక్క నిమిషంలో ఊళ్ళోకి వదిలేశావు కదే."

ఇప్పుడు మా ఇంట్లో పడుకునే ముందు
తుయారా స్టూలెక్కి చిన్న కిటికీ తీస్తుంది.
ఇరవై లెక్కపెట్టాలని ఒప్పందం.
పద్నాలుగు తర్వాత చాలా వేగంగా లెక్కపెడుతుంది.
నిప్పులు నల్లబడ్డాయో లేదో
నేను వంగి, కళ్ళు చికిలించి, మళ్ళీ చూస్తాను.

మర్నాడు పొద్దున
నాకంటే ముందే అతని పొగ లేచింది.
చూశానో లేదో అని కాబోలు
తడికట్టె వేసినట్టున్నాడు,
మరీ నల్లగా.